ఎర్ర బటన్ మీద చెయ్యి

కొత్త కళ్లద్దాలు వచ్చినప్పటి నుంచీ ప్రెస్సులో అందరూ తలెత్తుకుని నడుస్తున్నారు. అది గర్వం కాదు. తల వంచితే అవి ముక్కు మీంచి జారి సిరా డబ్బాలో పడతాయని భయం.

ఆ కళ్లద్దాలు చూపు కోసం పెట్టుకునేవి కాదు. వాటిలోంచి యంత్రం వైపు చూస్తే ఏ మర ఎంత తిప్పాలో, ఏ రంగు ఎక్కడ ఎక్కువైందో గాలిలో బాణం గుర్తులు కనిపిస్తాయి. చెవి దగ్గర చిన్న స్పీకరుంటుంది. అందులోంచి ఒక గొంతు "అంత వద్దు, కాస్త తగ్గించు, ఆఁ అక్కడ ఆపు" అంటూ పని నేర్పుతుంది. ఆ గొంతు పెద్దమేస్త్రిది. ఆయన రిటైరయ్యే ముందు కంపెనీ వాళ్లు ఆయన్ని యంత్రం పక్కన నిలబెట్టి తెలిసిన పనంతా చెప్పించుకున్నారు. కళ్లద్దాల్లోని కృత్రిమ మేధ ఆ పాఠాలన్నీ నేర్చుకుంది. ఇప్పుడు ఆయన ఇంట్లో కాళ్లు చాపుకుని పేపరు చదువుకుంటుంటే, ఆయన గొంతు ఇక్కడ షిఫ్టు షిఫ్టుకీ డ్యూటీ చేస్తోంది. పనివాళ్లు దానికి చిన్నమేస్త్రి అని పేరు పెట్టేశారు.

పెద్దమేస్త్రి కూతురు కూడా అక్కడే మెషిన్ ఆపరేటరు. చిన్నప్పుడు తండ్రి వెంట వచ్చి ఒళ్లంతా సిరా పూసుకుని ఇంటికి పోయేది. అప్పట్నుంచి ఆమె పేరు సిరాబుడ్డి. పొద్దున ఇంట్లో ఏ గొంతుతో చీవాట్లు తింటుందో, పగలంతా పనిలో కూడా అదే గొంతుతో తినే భాగ్యం ఆ ప్రెస్సు మొత్తం మీద ఆమె ఒక్కదానికే దక్కింది.

ఆ ఉదయం మందుల పెట్టెల మీద ఎర్ర రంగు అచ్చు పని ముగిసింది. తర్వాత వచ్చేది లేత నీలం. సిలిండర్ మీది రబ్బరు పొరకు ఎరుపు వీసమంత అంటుకుని ఉన్నా నీలం పాడైపోతుంది. అందుకని సిరాబుడ్డి, ఆమె జోడీ నిచ్చెన కలిసి సిలిండర్ కడుగుతున్నారు. నిచ్చెన మనిషి మరీ పొడుగు. పై అరలోని కాగితం కట్టలు అందుకోవడానికి అందరూ అతన్నే పిలిచేవాళ్లు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

కడిగే మనిషి యంత్రానికి ఒక పక్క ఉంటాడు. బటన్ల దగ్గరి మనిషి రెండో పక్క. మధ్యలో గోడంత యంత్రం, ఒకరి ముఖం ఒకరికి కనబడదు. పచ్చ బటన్ నొక్కితే సిలిండర్ బెత్తెడు తిరిగి ఆగుతుంది. ఎర్ర బటన్ నొక్కిపట్టుకుంటే ఇక అది కదలదు. కడిగే మనిషి గుడ్డ లోపల పెట్టే ముందు "ఉన్నావా?" అని కేకేయాలి. రెండో మనిషి ఎర్ర బటన్ నొక్కిపట్టి "ఉన్నా. చెయ్యి ఎర్ర బటన్ మీదుంది" అని కేకేయాలి. ఆ మాట పొల్లుపోకుండా రావాలి. "ఊఁ" అంటే చెల్లదు, "సరే" అన్నా చెల్లదు. తుడిచి చెయ్యి బయటికి తీశాక "తీశా" అనాలి. అప్పుడే పచ్చ బటన్. పిలుపు లేదంటే చెయ్యి బయట ఉన్నట్టే. ఇదంతా పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ యంత్రం దగ్గర ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

"తీశా!" అన్నాడు నిచ్చెన అవతల్నుంచి.

సిరాబుడ్డి పచ్చ బటన్ నొక్కింది. సిలిండర్ కొంచెం తిరిగి ఆగింది. ఇంతలో పక్క యంత్రం దగ్గర్నుంచి మేనేజరు చెయ్యి ఊపాడు. నీలం రంగు నమూనా తేడాగా ఉందట, ఒక్కసారి వచ్చి చూడమన్నాడు.

"అన్నా, ఆగు! ఇప్పుడే వస్తా!" అని అరిచి వెళ్లింది. పక్క యంత్రం హోరులో ఆ మాట ఎటు కొట్టుకుపోయిందో.

నమూనా చూసి, కాస్త తెలుపు కలపమని చెప్పి తిరిగొచ్చింది. అవతల సద్దు లేదు. సిలిండర్ అంచున ఉండే గీత ఇంకొంచెం కిందికి రావాలి. పిలుపు రాలేదు కాబట్టి అన్న చెయ్యి బయటే ఉంది. ఆమె బొటనవేలు పచ్చ బటన్ నొక్కింది.

ఆ కేక అంత హోరులోనూ అందరికీ వినిపించింది.

*

నిచ్చెన కుడిచేతి వేళ్లు రెండు చితికాయి. వేళ్లు దక్కాయని, ఎముకలు అతుక్కుంటాయని డాక్టరు చెప్పాడు. ఆ కబురు విన్నాక సిరాబుడ్డి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి తన బొటనవేలిని సబ్బుతో రుద్దిందే రుద్దింది. దానికి అంటుకున్నదేమీ లేదు.

మధ్యాహ్నం మేనేజరు ఆమెను తన గదికి పిలిచాడు. బల్ల మీది తెర మీద, నిచ్చెన కళ్లద్దాలు దాచిన దృశ్యం నడుస్తోంది. నిచ్చెన చూసిందే తెర మీద కనబడుతోంది, తడిగుడ్డ, రబ్బరు పొర, తన చెయ్యి. "ఉన్నావా?" అని అతని గొంతు. ఆ వెంటనే చెయ్యి లోపలికి వెళ్లింది. మేనేజరు అక్కడితో ఆపేశాడు.

"చూశావుగా? నీ జవాబు లేదు. ఆగకుండానే చెయ్యి పెట్టేశాడు."

"నేను అక్కడ లేను సార్. మీరే పిలిచారు."

"పిలిచాను, కాదనను. నువ్వు లేవు, జవాబు రాలేదు. జవాబు రానిది ఎందుకు పెట్టాడు? పొరపాటు నీది కాదమ్మా, ధైర్యంగా ఉండు. ఎల్లుండి విచారణ. అజాగ్రత్త అని రాసి అతన్ని పంపించేస్తాం, ఇంకో దారి లేదు."

ఆ మాట పడిందంటే ఇక ఏ ప్రెస్సూ అతన్ని గడప తొక్కనివ్వదు. సిరాబుడ్డికి తప్పు తనది కాదని తేలినందుకు తేలిగ్గా అనిపించాలి. కానీ అనిపించలేదు. నిచ్చెన జవాబు రాకుండా చెయ్యి పెట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఒకసారి ఆమెకు దగ్గు తెర వచ్చి మాట ఆలస్యమైతే, దగ్గు తగ్గి, నీళ్లు తాగి, ఆ మాట మొత్తం చెప్పేదాకా అతను గుడ్డ పట్టుకుని గుంజలా నిలబడ్డాడు. అలాంటి మనిషి ఈరోజు తొందరపడ్డాడంటే నమ్మడం ఎలా?

"అన్నయ్యేమన్నాడు సార్?"

"జవాబు వచ్చిందన్నాడు. ఎవరు చెప్పారయ్యా అంటే తల దించుకున్నాడు."

*

మర్నాడు పొద్దున్నే ఆమె నిచ్చెన ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన వాళ్లావిడ దారి ఇవ్వకుండా అలాగే నిలబడింది.

"చూడ్డానికొచ్చావా, మిగిలిన వేళ్లు లెక్కపెట్టడానికొచ్చావా?"

"వదినా..."

"నీ చేత్తోనే నొక్కావటగా."

"నా చేత్తోనే నొక్కాను. అందుకే వచ్చాను. జవాబు వచ్చిందని అన్న అన్నాడట. నేను చెప్పలేదు. మరి ఎవరు చెప్పారో నాకు తెలియాలి."

వాళ్లావిడ ఆమె ముఖంలోకి కాసేపు చూసి పక్కకు తప్పుకుంది. నిచ్చెన మంచం మీద పట్టక, కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. ఆమెను చూడగానే లేచి కూర్చున్నాడు.

"నువ్వేం బాధపడకు చెల్లీ. నాదే తప్పు."

"తప్పు సంగతి తర్వాత. ఏం విన్నావు?"

అతను గోడ వైపు చూశాడు. "చెబితే పిచ్చోడంటావు."

"ఇప్పుడు తెలివైనవాడని ఎవరన్నారు గనక? చెప్పు."

నిచ్చెనకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలి నొప్పి పుట్టింది. మూతి బిగించుకుని, మెల్లగా అన్నాడు. "మేస్త్రి గారు చెప్పారు. ఉన్నా, చెయ్యి ఎర్ర బటన్ మీదుంది అన్నారు. స్పష్టంగా విన్నా. ఆ మాట ఆ గొంతుతో ఎన్నేళ్లు విన్నాను చెల్లీ! వినగానే చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. లోపలికి వెళ్లాక గుర్తొచ్చింది, ఆయన రిటైరయ్యారు కదా అని. అప్పటికే..." కట్టు వైపు చూసుకున్నాడు. "చిన్నమేస్త్రి పాఠాలే చెబుతుంది, పిలుపుకి జవాబు ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో ఉన్న మనిషి బటన్ దగ్గర్నుంచి పలికాడని మేనేజరుకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? ఉద్యోగంతోపాటు మతి కూడా పోయిందంటారు."

సిరాబుడ్డి లేచి నిలబడింది. 

"నీ మతికేం కాలేదన్నా. నువ్వు విన్నది నిజమే."

*

ప్రెస్సుకు వచ్చేసరికి యంత్రం ఆగి ఉంది. మెయిన్ స్విచ్ తీసేసి తాళం వేశారు. కళ్లద్దాల కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఏదో పరీక్ష చేసుకుంటోంది. ఆ అమ్మాయి కూడా నిన్నటి నుంచీ సరిగ్గా తిన్నట్టు లేదు.

సిరాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుంది. గుడ్డ చేత్తో పట్టుకుని, నిచ్చెన నిలబడే చోట నిలబడి, యంత్రానికి అవతలి వైపు ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గొంతెత్తి అడిగింది.

"ఉన్నావా?"

"ఉన్నా. చెయ్యి ఎర్ర బటన్ మీదుంది."

తండ్రి గొంతే. చివర్లో కొంచెం దీర్ఘం తీసే అలవాటు కూడా పోలేదు. ఆమె చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

ఇంజనీరమ్మాయి ఉలిక్కిపడి దగ్గరికొచ్చింది. తను పెట్టుకుని అడిగింది. అదే జవాబు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"ఇది మేం పెట్టలేదండీ. నిజంగా. పాఠం చెప్పేటప్పుడు మేస్త్రి గారు రెండు మాటలూ తనే చెప్పారు, ఇలా అడగాలి, ఇలా జవాబు రావాలి అని. ఆ ప్రశ్నకి ఈ జవాబు అని అది దానంతటదే నేర్చుకుంది. మొన్న కొత్త మార్పు చేశాం, అడిగినదానికి ఎవరూ పలక్కపోతే తనే వెంటనే స్పందించాలని. బహుశా అప్పట్నుంచి..."

"మరి తెర మీద ఈ మాట ఎందుకు రాలేదు?"

అమ్మాయి కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. "కళ్లద్దాలు మనుషుల మాటలే దాచుకుంటాయి. తమ మాటలు దాచుకోవు. అవసరం లేదనుకున్నాం."

సిరాబుడ్డికి ఒక్కసారిగా కోపం నషాళానికంటింది. మన తప్పులన్నీ పూసగుచ్చినట్టు గుర్తుపెట్టుకుని, తన తప్పు మాత్రం గాలికి వదిలేసే సాక్షి ఇదొకటి. దీని మాట మీద ఒక మనిషి బతుకు తేల్చేస్తున్నారు. ఆ అమ్మాయిని నాలుగు మాటలు అనాలని నోరు తెరిచి, ఆమె కళ్లల్లో నీళ్లు చూసి ఊరుకుంది.

"రేపు విచారణలో ఇదే మాట చెబుతావా?"

"చెబుతాను. మా కంపెనీ వాళ్లు నన్ను ఏమన్నా సరే."

*

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. పెద్దమేస్త్రి వినడానికే ఒప్పుకోలేదు.

"నా గొంతు అబద్ధం చెప్పదు" అన్నాడు పేపరు మడిచి. "వాడికి ముందు నుంచీ తొందరే."

"నాన్నా, అన్నకి తొందరా? వాడికంటే గడియారం ముల్లు నయమని నువ్వే అనేవాడివి."

"అంటే నేను చేశానా ఇది?"

"నువ్వు చేశావని ఎవరన్నారు?"

"మరి అదే కదా నువ్వనేది! ఎక్కడికెళ్లినా, మేస్త్రి గారూ మీరు లేకపోయినా మీరున్నట్టే ఉంది అంటున్నారు. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అది కూడా తీసి పారెయ్."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "ఇంట్లో ఒకరు చాలరన్నట్టు ప్రెస్సులో ఇంకొకరు తయారయ్యారని నేను అప్పుడే అన్నాను. నా మాట ఎవరు విన్నారు? వెళ్లి చూసి రండి. చూస్తే పోయేదేముంది?"

సాయంత్రం టీ వేళకు ఆయన విసుక్కుంటూనే వచ్చాడు. యంత్రం దగ్గరికి రాగానే ఆయన చెయ్యి అలవాటుగా దాని పక్కన ఒకసారి తట్టింది. సిరాబుడ్డి ఆయనకు కళ్లద్దాలు తొడిగింది. ఆయన అవతలి పక్కకు తొంగిచూశాడు. ఎవరూ లేరు.

"ఉన్నావా?" అన్నాడు, ఏదో వేళాకోళానికి అన్నట్టు.

జవాబు వినబడింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు వచ్చింది. ఈసారి ఆయన నడుచుకుంటూ యంత్రం చుట్టూ తిరిగి, బటన్ల దగ్గరికి వెళ్లి, ఎవరి చెయ్యీ లేని ఎర్ర బటన్‌ను వేలితో ముట్టుకుని చూశాడు. దాని మీద సన్నగా కాగితం దుమ్ము పడి ఉంది.

కళ్లద్దాలు తీసి, కాగితం కట్టల మీద కూర్చుండిపోయాడు. 

"వాడు నన్ను నమ్మాడే" అన్నాడు చివరికి. "నన్ను నమ్మి చెయ్యి పెట్టాడు."

ఇంజనీరమ్మాయి దగ్గరికొచ్చి, సిరాబుడ్డికి చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. ఎవరూ పెట్టలేదని, అదే నేర్చుకుందని.

"ఎవరూ పెట్టకపోతే మరి తీసేది ఎవరమ్మా?" అన్నాడాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"తీయొచ్చండీ. కానీ ఇదొక్కటి తీస్తే చాలదు. రేపు ఇంకోటి నేర్చుకుంటుంది. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అని నియమం ఉండాలి. అది కంపెనీ ఒప్పుకోవాలి."

పెద్దమేస్త్రి లేచి పంచె దులుపుకున్నాడు. అలా దులుపుకున్నాడంటే ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదని కూతురికి తెలుసు.

*

విచారణ మేనేజరు గదిలో మొదలైంది. మేనేజరు బల్ల వెనక కూర్చున్నాడు. నిచ్చెన చేతికట్టు ఒళ్లో పెట్టుకుని, భార్య పక్కన ఒదిగి కూర్చున్నాడు. అంత పొడుగు మనిషీ కుర్చీలో చిన్నవాడైపోయాడు. సిరాబుడ్డి జరిగింది చెప్పింది. ఇంజనీరమ్మాయి కూడా దాపరికం లేకుండా చెప్పింది. మేనేజరు ఓపిగ్గా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"సరే, గొంతు వినబడింది. ఒప్పుకుంటాను. కానీ బొమ్మ గొంతుకీ మనిషి గొంతుకీ తేడా తెలియదా? అది పాఠాలు చెప్పే గొంతని ఇతనికి తెలుసు కదా. పనిలో ఉన్నవాడు ఒక్క క్షణం ఆలోచించాలి. నేనైతే ఆలోచించేవాణ్ని."

"మీరైతే ఆలోచించేవారా అండీ?" అన్నాడు పెద్దమేస్త్రి ఎంతో మర్యాదగా. మేనేజరు కూడా ఒకప్పుడు ఆయన చేతికిందే గుడ్డ పట్టి పని నేర్చుకున్నవాడు. బల్ల వెనక్కి వెళ్లినప్పటి నుంచీ ఆయన అతన్ని మీరు అనడం మొదలుపెట్టాడు. "అయితే కిందికి దయచేయండి. మెయిన్ స్విచ్‌కి తాళం వేసే ఉంది. ఏం కాదు."

అందరూ కిందికి దిగారు. పనివాళ్లు యంత్రాలు ఆపి చుట్టూ చేరారు. ఇంజనీరమ్మాయి కళ్లద్దాల మాట అందరికీ వినిపించేలా పెద్ద స్పీకరుకు కలిపింది. పెద్దమేస్త్రి మేనేజరు చేతికి తడిగుడ్డ ఇచ్చాడు. మేనేజరు దాన్ని మొదట రెండు వేళ్లతో పట్టుకున్నాడు. తర్వాత ఎందుకో అరచేతికి చుట్టుకున్నాడు, పాత పద్ధతిలో, కొస బొటనవేలి కింద నొక్కిపెట్టి.

పెద్దమేస్త్రి పక్కనున్న సీసా ఎత్తి నోటి నిండా నీళ్లు పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి, తానేమీ మాట్లాడలేనని అందరికీ ముఖం తిప్పి తిప్పి చూపించాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మేనేజరు పక్కనే నిలబడి, కానివ్వమన్నట్టు తలూపాడు.

మేనేజరు కళ్లద్దాలు సర్దుకుని, సిలిండర్ ముందు వంగాడు.

"ఉన్నావా?"

"ఉన్నా. చెయ్యి ఎర్ర బటన్ మీదుంది" అంది పెద్దమేస్త్రి గొంతు. పెద్దమేస్త్రి పెదాలు బిగించే ఉన్నాయి.

 అందరూ ఒకే చోటికి చూస్తున్నారు. వాళ్ల చూపు వెంటే మేనేజరు కూడా చూపు కిందికి దించాడు. గుడ్డ చుట్టిన అతని కుడిచెయ్యి మణికట్టు దాకా రోలర్ల మధ్య ఉంది. సిలిండర్ మీద అప్పుడే ఒక బెత్తెడు మేర తుడిచింది కూడా.

అతను చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. లాక్కునే విసురులో మెటికలు ఇనుప అంచుకు తగిలాయి. పెద్దమేస్త్రి నోట్లో నీళ్లు గుటుక్కున మింగేశాడు.

"ఏరా పీలికా, దెబ్బ తగిలిందా?"

ఆ పేరు విని ఏళ్లయింది. గుడ్డపీలికలు మోసే రోజుల్లో ఆయన పెట్టిన పేరు. మేనేజరు మెటికలు నిమురుకుంటూ లేదన్నట్టు తల ఊపాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఆ తర్వాత నిచ్చెన కట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గొంతు నాదే" అన్నాడు పెద్దమేస్త్రి. ఇప్పుడు అందరికీ వినబడేలా. "కాదనను. పాఠం చెప్పడానికి ఇష్టపడే ఇచ్చాను. కానీ చెయ్యి ఎర్ర బటన్ మీదుందంటోందే, ఆ చెయ్యేదీ? దానికి చెయ్యి ఎక్కడిదిరా? ఉన్నా అనడం పాఠం కాదు. ఉన్నా అంటే నీ చేతికి నా చెయ్యి పూచీ అని. పూచీ పడలేనిదాన్ని ఆ మాట ఎలా అననిస్తాం?"

మేనేజరు కళ్లద్దాలు తీసి యంత్రం మీద పెట్టాడు.

"నా చెయ్యి కూడా వెళ్లింది మేస్త్రి గారూ" అన్నాడు. "తెలిసి తెలిసీ వెళ్లింది."

నిచ్చెన దగ్గరికి నడిచి వెళ్లాడు. కరచాలనానికి కుడిచెయ్యి చాపబోయి, కట్టు చూసి, ఎడంచెయ్యి పట్టుకున్నాడు. "నీ తప్పు లేదు. ఈ మాట తెర మీద కాదు, నా నోటితో నేనే పైవాళ్లకి చెబుతాను. నయమయ్యేదాకా ఇంట్లో ఉండు. నీ చోటు నీదే."

నిచ్చెన కుర్చీలో ఉన్నప్పటి మనిషి కాదిప్పుడు. నిటారుగా నిలబడ్డాడు. వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ సిరాబుడ్డి భుజం మీద ఒక్కటి చరిచింది. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, కాగితం కట్టల మీదున్నవాళ్లు సైతం దిగొచ్చి కొట్టారు.

ఆ రోజు ఇంట్లో తల్లి ఈ కథంతా విని తీర్పు చెప్పింది. "బాగుంది. నోట్లో నీళ్లు పోసుకున్నది ఈయన, నమిలింది మేనేజరు."

*

నియమాలు రాయడానికి మర్నాడు అందరూ టీ బల్ల చుట్టూ కూర్చున్నారు. మేనేజరు ఒకటి రాసి తెచ్చాడు. "కృత్రిమ మేధ ఆధారిత సహాయక వ్యవస్థలు మానవ ధ్రువీకరణకు ప్రత్యామ్నాయంగా వినియోగించబడరాదు" అని చదివాడు.

"ఇది చదివి అర్థం చేసుకునేలోపు చెయ్యి పోతుందిరా" అన్నాడు పెద్దమేస్త్రి.

"అయితే మీరే చెప్పండి."

"మనిషి జవాబు చెప్పాల్సిన చోట యంత్రం జవాబు చెప్పకూడదు. రాయ్."

మేనేజరు రాశాడు. తర్వాతి మాట ఇంజనీరమ్మాయి చెప్పింది. యంత్రం మాట్లాడుతుంటే అది యంత్రమని వినేవాళ్లకు ముందే తెలియాలి. ఒకరి గొంతు తీసుకుంటే దేనికిచ్చారో దానికే వాడాలి, వాళ్లు ఒప్పుకోని మాట వాళ్ల గొంతుతో చెప్పించకూడదు. దీనికి పెద్దమేస్త్రి బల్ల గుద్ది ఒప్పుకున్నాడు. సిరాబుడ్డి తన వంతు చాలాసేపు ఆలోచించింది.

"మన మాటలు దాచుకునేది తన మాటలు కూడా దాచుకోవాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు రెండూ బయటపెట్టాలి."

"అన్నిటికంటే అదే గట్టిది" అన్నాడు మేనేజరు, కలం ఆపకుండా.

కళ్లద్దాల కంపెనీ వాళ్లకు కాగితం పంపారు. వాళ్లు మొదట కొంత నసిగారు. ఇంజనీరమ్మాయి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో గానీ, చివరికి అన్ని ప్రెస్సుల్లోనూ ఆ జవాబు తీసేస్తామని, ఈ నియమాలు తామూ పాటిస్తామని ఒప్పుకున్నారు. పెద్దమేస్త్రి చేత కొత్తగా ఒక్క మాట రికార్డు చేయించుకున్నారు. ఇప్పుడు ఎవరు కళ్లద్దాలు పెట్టుకున్నా మొట్టమొదట అదే వినబడుతుంది. "నేను మేస్త్రి గొంతుని, మేస్త్రిని కాను. పాఠం చెబుతాను. పక్కన మనిషి ఉన్నాడో లేదో మీరే చూసుకోండి." ఆ మాట సరిగ్గా వచ్చేదాకా ఆయన మళ్లీ మళ్లీ చెప్పాడట. ఇంజనీరమ్మాయి చాలు తాతగారూ అన్నా వినలేదట.

నియమాలు అచ్చువేసేది ఎక్కడ? అదే యంత్రం మీద. పెద్ద అక్షరాలతో, గోడకు అంటించేంత కాగితం మీద. పై వరుస మాత్రం ఎర్ర రంగులో. ముందు సిలిండర్ మీద మిగిలిన నీలం కడగాలి.

ఆ పూట నిచ్చెన ఊరికే చూసి పోదామని వచ్చాడు. కట్టు ఇంకా తియ్యలేదు. సిరాబుడ్డి గుడ్డ తడుపుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బటన్ దగ్గర ఎవరు?"

"ఎవరినైనా పిలుస్తా."

"నేనుంటా. నొక్కడానికి ఎడంచెయ్యి చాలదూ?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను అప్పటికే యంత్రం చుట్టూ తిరిగి అవతలికి వెళ్లిపోయాడు.

సిరాబుడ్డి సిలిండర్ ముందు వంగింది. రోలర్ల మధ్య సందు ఇంతకు ముందెప్పుడూ అంత సన్నగా కనిపించలేదు.  గుడ్డ కొస బొటనవేలి కింద నొక్కిపెట్టింది. ఆ రోజు పచ్చ బటన్ నొక్కిన బొటనవేలే అది.

"ఉన్నావా అన్నా?"

కళ్లద్దాలు పలకలేదు. ఆమె చెవి దగ్గర అంతా నిశ్శబ్దం. ఆమె చెయ్యి బయటే ఆగింది, వేచి ఉంది.

"ఉన్నా చెల్లీ!" యంత్రం మీంచి గట్టిగా వచ్చింది ఆ గొంతు, జలుబు చేసినట్టు కాస్త బొంగురుగా. "చెయ్యి ఎర్ర బటన్ మీదుంది!"

తల ఎత్తి చూసింది. గోడంత యంత్రం పైన, కట్టు కట్టిన చెయ్యి ఒకటి జెండాలా పైకి లేచి ఊగుతోంది.

"ఇది కాదు, రెండోది!" అన్నాడు నిచ్చెన.

సిరాబుడ్డి నవ్వుతూ చెయ్యి లోపల పెట్టింది.